మేలుజాతి గుర్రం కోసం ఒక జీవితం
పూసా అశ్వశాల నుంచి బుఖారా దాకా మూర్‌క్రాఫ్ట్ ప్రస్థానం

గుర్రపు డెక్కల చప్పుడే రాజ్యాల భవితవ్యాన్ని తేల్చిన రోజులవి. మేలుజాతి మగ గుర్రాలను రైతుల ముంగిటికి చేర్చి, పల్లెల్లోనే అశ్వ సంతతిని వృద్ధి చేయాలని తపించిన పశువైద్యుడు విలియం మూర్‌క్రాఫ్ట్. బీహారులోని పూసాలో ఈస్టిండియా కంపెనీ అశ్వశాలకు పర్యవేక్షకుడిగా వచ్చిన ఆయన, సరైన గుర్రాల కోసం వెదుకుతూ హిమాలయాలు దాటారు. ఆ అన్వేషణలోనే ప్రాణాలు విడిచారు. నేడు తెలుగు రైతుకు విత్తనం పేరుగా పరిచయమైన పూసా, రెండు శతాబ్దాల కిందట ఒక వైద్యుడి ఆశలకు కేంద్రం.

శస్త్రవైద్యం వీడి.. పశువైద్యం వైపు

మూర్‌క్రాఫ్ట్ 1767లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతంలో ఆర్మ్‌స్కిర్క్ పట్టణంలో జన్మించారు. లివర్‌పూల్‌లో శస్త్రవైద్యం అభ్యసిస్తున్న కాలంలో పశువులకు సోకిన అంటువ్యాధి ఆయన జీవన మార్గాన్నే మార్చివేసింది. మనుషులకు వైద్యులు ఉన్నారు, మూగజీవాలకు నాటువైద్యమే దిక్కు అన్న పరిస్థితి ఆయనను ఆలోచింపజేసింది. అప్పటికి ఇంగ్లండ్‌లో పశువైద్య కళాశాల లేదు. దాంతో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి వెళ్లి అక్కడి పశువైద్య పాఠశాలలో చేరారు. అక్కడ చదివిన తొలి ఆంగ్లేయుడు ఆయనే.

స్వదేశానికి తిరిగివచ్చి లండన్‌లో వైద్యం ప్రారంభించారు. గుర్రాల వైద్యుడిగా పేరు, ధనం రెండూ వచ్చాయి. అయితే యంత్రాలతో గుర్రపు నాడాలు తయారుచేసే ప్రయత్నంలో సంపాదనలో చాలా భాగం హరించుకుపోయింది. ఆ దశలోనే కంపెనీ నుంచి పిలుపు అందింది. 1808లో ఆయన భారతదేశానికి చేరారు.

రైతు ముంగిట్లో అశ్వ సంతతి

కంపెనీ అశ్విక దళానికి నానాటికీ గుర్రాల కొరత పెరుగుతున్న కాలమది. వాయవ్య దిశ నుంచి వర్తకులు తెచ్చే గుర్రాల రాక తగ్గిపోయింది. ఇంగ్లండ్ నుంచి ఓడలపై తెప్పించడం మోయలేని ఖర్చు. అందుకే 18వ శతాబ్దం చివర తిరుహుత్ ప్రాంతంలోని పూసాలో అశ్వశాల వెలిసింది.

అక్కడ రెండు పద్ధతులు నడిచాయి. ఒకటి, కంపెనీ తన సొంత శాలలోనే ఆడ, మగ గుర్రాలను పోషించడం. రెండోది, ఆడ గుర్రాలను చుట్టుపక్కల జమీందార్లు, రైతుల వద్ద ఉంచి, ఎదకు వచ్చినప్పుడు కంపెనీ మగ గుర్రాలతో చూలు కట్టించడం. పుట్టిన పిల్లలలో పనికివచ్చే వాటిని కంపెనీ కొనుగోలు చేసేది. మూర్‌క్రాఫ్ట్ మొగ్గు ఈ రెండో పద్ధతి వైపే.

అయితే దానిలోని కష్టం చిన్నది కాదు. ఆడ గుర్రం దాదాపు పదకొండు నెలలు మోసి, సాధారణంగా ఒకే పిల్లను ఈనుతుంది. ఆ పిల్ల సైన్యానికి అక్కరకు రావాలంటే మరో మూడు నాలుగేళ్లు పడుతుంది. మగ గుర్రం ఎంపికలో పొరపాటు జరిగితే అది బయటపడేసరికి నాలుగైదేళ్లు గడిచిపోతాయి. తిరుహుత్ రైతు నాగలికి కట్టేది ఎద్దునే. గుర్రపు పిల్లకు ధర పలకకపోతే ఆ మేత ఖర్చంతా అతడి నెత్తినే పడుతుంది. కాబట్టి రైతుకు గిట్టుబాటు కావాలంటే మొదట మగ గుర్రం మేలైనదై ఉండాలి.

అశ్వశాలలోని మగ గుర్రాలు ఆయనకు తృప్తినివ్వలేదు. సైనికుడి బరువును, ఎండను, సుదీర్ఘ ప్రయాణాన్ని తట్టుకునే ఎముక పుష్టి, దేహదారుఢ్యం ఉన్న జాతి కావాలని ఆయన భావించారు. మేత మెరుగుపడాలని పూసా పొలాల్లో ఓట్లు సాగు చేయించారు. ఉత్తర భారతంలోని సంతలన్నీ గాలించినా కోరిన గుర్రాలు దొరకలేదు. చివరకు ఆయన చూపు తుర్క్‌మెన్ జాతి గుర్రాలకు పేరుగాంచిన మధ్య ఆసియాపై నిలిచింది.

మంచుకొండలకు ఆవల

1812లో హైదర్ యంగ్ హియర్సేతో కలసి గోసాయి వేషంలో నీతి కనుమ మీదుగా టిబెట్‌లో ప్రవేశించారు. మానస సరోవరాన్ని దర్శించి, శాలువల నూలుకు ప్రసిద్ధమైన మేకలను వెంట తెచ్చారు. తిరుగు దారిలో గూర్ఖాలు వారిని కొంతకాలం నిర్బంధించారు. ఆ రోజుల్లోనే ఆయన తరఫున మీర్ ఇజ్జతుల్లా బుఖారా దాకా వెళ్లి దారులు, సంతల వివరాలు సేకరించుకు వచ్చారు.

1819లో మూర్‌క్రాఫ్ట్ అసలు యాత్ర మొదలైంది. జార్జి ట్రెబెక్ అనే యువకుడు వెంట నడిచారు. 1820లో లాహోరులో మహారాజా రంజిత్ సింగ్‌ను కలిసి, అదే ఏడాది లేహ్ చేరారు. లడఖ్‌లో రెండేళ్లపాటు ఉండిపోయారు. గుర్రాల వైద్యుడు మనుషుల వైద్యుడిగానూ మారారు. కంటి శుక్లాలతో చూపు కోల్పోయిన వారికి శస్త్రచికిత్సలు చేశారు. లడఖ్ పాలకులతో వర్తక ఒప్పందం కూడా కుదిర్చారు. కానీ తన అనుమతి లేకుండా జరిగిందంటూ కంపెనీ దానిని తోసిపుచ్చింది. గుర్రాలు కొనమని పంపిన ఉద్యోగి రాజకీయాల్లో తలదూర్చడం దొరలకు రుచించలేదు.

బుఖారాలో నిరాశ

1822లో కాశ్మీరం, ఆపై పెషావర్, 1824లో కాబూల్ చేరిన ఆ బృందానికి కుందుజ్‌లో గండం ఎదురైంది. అక్కడి పాలకుడు మురాద్ బేగ్ వారిని అడ్డగించి సొమ్ము గుంజాడు. ఒక మత గురువు అడ్డుపడడంతో ప్రాణాలు దక్కాయి. ఎట్టకేలకు 1825 ఫిబ్రవరిలో బుఖారా కోట గుమ్మాలు కనిపించాయి.

ఐదేళ్లకు పైగా కలగన్న సంతలో కోరినన్ని గుర్రాలు లేవు. కొద్దిపాటి కొనుగోళ్లతోనే తిరుగు ప్రయాణం కట్టారు. మరికొన్ని మేలుజాతి గుర్రాలు దొరుకుతాయన్న ఆశతో దారి మళ్లి, ప్రస్తుత ఆఫ్ఘనిస్తాన్‌లోని అంద్‌ఖోయ్ పట్టణానికి వెళ్లారు. అక్కడే 1825 ఆగస్టులో జ్వరంతో కన్నుమూశారు. భౌతికకాయాన్ని బల్ఖ్‌కు తరలించి ఖననం చేశారు. కొద్ది నెలల్లోనే ట్రెబెక్ సైతం మజార్‌లో మరణించారు. పూసాలోని పల్లెలకు చేరవలసిన ఆ మేలుజాతి సంపద అక్కడే చెదిరిపోయింది. ఆయన రాతప్రతులు మాత్రం భారతదేశానికి చేరి, 1841లో గ్రంథ రూపంలో వెలువడ్డాయి.

నిలిచిన పూసా పేరు

1870లలో బెంగాల్ అశ్వశాలలను ప్రభుత్వం మూసివేసింది. ఆస్ట్రేలియా నుంచి కలకత్తా, మద్రాసు రేవులకు వచ్చే వేలర్ గుర్రాలు సైన్యపు అవసరాలను తీర్చసాగాయి. అయితే రైతుల వద్దనున్న ఆడ గుర్రాలకు జిల్లాల్లోనే ప్రభుత్వ మగ గుర్రాలను అందుబాటులో ఉంచే విధానం మాత్రం ఆ తర్వాత కూడా కొనసాగింది. మూర్‌క్రాఫ్ట్ మొగ్గుచూపిన దారి అదే.

ఇక పూసా నేల మరో రూపం దాల్చింది. అమెరికా దాత హెన్రీ ఫిప్స్ విరాళంతో 1905లో అక్కడ వ్యవసాయ పరిశోధన సంస్థ అవతరించింది. 1934 నాటి భూకంపం భవనాలను కూల్చివేయగా, 1936లో సంస్థ ఢిల్లీకి తరలింది. ఊరు వీడినా పేరు వీడలేదు. తెలుగు నేలపై కూరగాయల రైతులు విత్తిన పూసా సావని బెండ, పూసా రూబీ టమాటా ఆ సంస్థ అందించినవే.

మేలైన జాతి దొర కొట్టంలో ఉంటే చాలదు, సామాన్య రైతు వాకిటికి చేరాలి. ఈ సూత్రాన్ని గుర్రాల విషయంలో నమ్మిన మూర్‌క్రాఫ్ట్ ఫలితం చూడకుండానే వెళ్లిపోయారు. అదే పూసా పేరుతో మేలైన విత్తనాలు మాత్రం రైతు వాకిటికి చేరాయి.