విశ్వవిద్యాలయాలకు పాఠం చెప్పిన నేల: పదేళ్ల వికారాబాద్ జిల్లాకు అభినందన

2016 అక్టోబరు 11, విజయదశమి. ఆ రోజు తెలంగాణలో పుట్టిన కొత్త జిల్లాల్లో వికారాబాద్ ఒకటి. రంగారెడ్డి జిల్లా పడమటి మండలాలకు పాలమూరు వైపు నుంచి కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ వచ్చి కలిశాయి. 2026 అక్టోబరుతో ఆ జిల్లాకు పదేళ్లు నిండుతున్నాయి. వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ ప్రజలందరికీ మనసారా అభినందనలు. జిల్లా వయసు పదేళ్లే అయినా, దాని నేల చెప్పే చరిత్ర కోట్ల ఏళ్లది. ఈ పండుగ పూట ఆ చరిత్రను తలచుకోవడమే జిల్లాకు తగిన సన్మానం.

అలాంటి చరిత్రను కళ్లముందు పెట్టే చోటు మ్యూజియం. 1683లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆష్మోలియన్ మ్యూజియం తలుపులు తెరిచింది. నాణేలు, రాళ్లు, జంతువుల కళేబరాలు, దూరదేశాల చేతిపనులు అక్కడ ఒకే కప్పు కింద కొలువుదీరాయి. చదివినదాన్ని కళ్లారా చూడాలన్న ఆ ఆలోచన తర్వాత ప్రపంచమంతా పాకింది. విశ్వవిద్యాలయ మ్యూజియానికి వెళితే కళ, విజ్ఞానం, ప్రాంతీయ వారసత్వం పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ మూడింటికీ చాలినంత సంపద మన జిల్లాలో ఉంది.

ముందుగా పరిగి ప్రాంతంలోని నస్కల్‌కు నమస్కారం. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కను అంతటా లావా పారింది. ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ నడుమ దొరికిన విరామాల్లో చెరువులు నిండాయి, చేపలు, కప్పలు బతికాయి. ఆ చెరువుల ఒండ్రును కడిగి, జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద వెతికితే మిల్లీమీటర్లలో కొలవాల్సినంత చిన్న పళ్లు బయటపడ్డాయి. అవి డైనోసార్ల కాలంలో తిరిగిన ఎలుకంత క్షీరదానివి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో 'నేచర్' పత్రికలో ఆ సంగతి లోకానికి చెప్పి, దానికి డెక్కనోలెస్టెస్ అని పేరు పెట్టారు. క్రెటేషియస్ యుగపు క్షీరదం భారతదేశంలో దొరికినట్లు వెల్లడి కావడం అదే మొదటిసారి. మన పల్లె పన్ను జమ్మూ విశ్వవిద్యాలయం సేకరణలో చేరి, ఖండాలు ఎలా కదిలాయో, క్షీరదాలు ఎక్కడి నుంచి ఎక్కడికి చేరాయో ఆలోచించే శాస్త్రవేత్తలందరికీ ఆధారమైంది. అంత ఓపికగా వెతికినవారికీ, వారికి దారి చూపిన ఊరికీ అభినందనలు.

తాండూరు రాయిది అంతకన్నా పాత కథ. భీమా పరీవాహకంలో, భూమి మీద జంతువులింకా రూపు దిద్దుకోని రోజుల్లో, సముద్రం అడుగున సున్నం పొరలు పొరలుగా పేరుకుంది. ఆ పొరలే నేటి నాపరాళ్లు. పొర వెంట చీలే గుణం ఉండబట్టే ఆ రాయి పలకలుగా వస్తుంది. నీలి బండ, పసుపు బండ తాండూరులో కోతపడి, నునుపు తేలి, దేశంలో ఎన్నెన్ని ఇళ్లకు గచ్చయ్యాయో! వేసవి మధ్యాహ్నం చాప కూడా పరుచుకోకుండా ఆ బండల మీద పడుకున్నవారికి ఆ చల్లదనం విలువ తెలుసు. ఆ సున్నపురాయే సిమెంటు కర్మాగారాలనూ ఇక్కడికి రప్పించింది. రాయిని చూడగానే అది ఎటు చీలుతుందో చెప్పగల గనుల కార్మికుల నేర్పును కళ అనకపోతే మరేమంటాం? ఎండలో, దుమ్ములో ఆ నేర్పును నిలబెట్టిన చేతులకు వందనం.

రాతి గుణం చేనుకూ అబ్బింది. సున్నపురాతి మీద పరుచుకున్న నల్లరేగడిలో అట్టాపల్గైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంది. తాండూరు కందిపప్పు రుచికీ, త్వరగా ఉడకడానికీ, వండాక పాడవకుండా నిలవడానికీ ఈ నేలే మూలమని చెబుతారు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని వెనక యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ ఉంది, తాండూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం ఉంది. రైతు అనుభవమూ శాస్త్రవేత్త పరీక్షా ఒక్కమాట మీద నిలిచిన ఆ రోజు జిల్లాకు నిజమైన పండుగ.

అనంతగిరి మాటేమిటి? అనంతపద్మనాభస్వామి కొండ మీద కురిసిన వానలో కొంత మూసీ అయి తూర్పుగా హైదరాబాద్ మీదుగా సాగుతుంది. కొంత కాగ్నా అయి పడమరగా తాండూరు దాటి భీమాలో కలుస్తుంది. రెండూ చివరికి చేరేది కృష్ణమ్మనే. మనుషులూ అంతే: తాండూరు బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ ఒకే బేరంలో వినిపిస్తాయి. అక్కడి భద్రేశ్వరుని జాతరకు కర్ణాటక సరిహద్దుకు ఇటువారూ అటువారూ తరలివస్తారు. 1874లో కర్ణాటక వైపున్న వాడి పట్టణం నుంచి సికింద్రాబాద్‌కు వేసిన రైలుమార్గం ఈ కలయికను మరింత గట్టి చేసింది.

ఇంత ఉన్న జిల్లాలో పిల్లలు తమ నేల కథను ఒకచోట చూడగలగాలి. జిల్లాలోని ఏ కళాశాలైనా ఒక గది ఇచ్చి, విశ్వవిద్యాలయాలు చేయూతనిస్తే చాలు, అక్కడ నస్కల్ పన్ను నమూనా, దాని పక్కన భూతద్దం పెట్టవచ్చు. పొరలు కనిపించే నాపరాయి, రాయి కొట్టే పనిముట్లు, కంది వంగడాలు, నల్లరేగడి, రెండు నదుల పటం, నాలుగు భాషల్లో పెద్దలు చెప్పిన ముచ్చట్లు ఉంచవచ్చు. వివరించడానికి గనిలో పనిచేసిన తాతను, కంది పండించిన అమ్మను పిలవవచ్చు. వాళ్లు చెబుతుంటే విన్న పిల్లల్లో ఒకరు రేపు భూగర్భ శాస్త్రవేత్త కావచ్చు, మరొకరు విత్తన పరిశోధకురాలు కావచ్చు.

పదేళ్ల పండుగకు జిల్లా తన పిల్లలకు ఇవ్వగల కానుక అదే. రైతులకు, రాతి కార్మికులకు, ఉపాధ్యాయులకు, పరిశోధకులకు మరోసారి అభినందనలు. వికారాబాద్ జిల్లా నూరేళ్లు చల్లగా వర్ధిల్లాలి, దాని చదువు ఊరూరా పండాలి!