గ్యారీ కిల్డాల్

గ్యారీ కిల్డాల్ (మే 19, 1942 - జూలై 11, 1994) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త, సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్త. ఒకే ప్రోగ్రాము వేర్వేరు తయారీదారుల మైక్రోకంప్యూటర్లపై నడిచేందుకు దారి వేసినవారిలో ఈయన ప్రముఖుడు. విండోస్‌లో ఫైలు చిరునామాకు ముందు కనిపించే "సీ:" వంటి డ్రైవు అక్షరాలు వ్యక్తిగత కంప్యూటర్లలోకి వచ్చింది కూడా ఈయన ద్వారానే. మొదటి పనికి రెండవది నేటికీ అడ్డు తగులుతూనే ఉంది.

బాల్యము, విద్య

కిల్డాల్ సియాటిల్ నగరంలో జన్మించాడు. వారి కుటుంబం నావిక విద్య నేర్పే పాఠశాలను నడిపేది. గణిత ఉపాధ్యాయుడు కావాలని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరిన కిల్డాల్ అక్కడ కంప్యూటర్ల వైపు మళ్ళాడు. నిర్బంధ సైనిక సేవలో భాగంగా నౌకాదళంలో చేరి, కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఆ దళం వారి ఉన్నత విద్యాలయంలో బోధించాడు. 1972లో డాక్టరేటు పొందాడు. కంపైలర్లు ప్రోగ్రాములను మెరుగుపరచే పద్ధతిపై 1973లో ఆయన ప్రచురించిన పత్రం ఆ రంగంలో మూలగ్రంథం వంటిది. సీపీ/ఎం ప్రసిద్ధి వలన దీనికి రావలసినంత పేరు రాలేదు.

సీపీ/ఎం

ఇంటెల్ సంస్థకు సలహాదారుగా ఉంటూ కిల్డాల్ పీఎల్/ఎం అనే భాషను రూపొందించాడు. 1974లో మిత్రుడు జాన్ టొరోడ్ తయారు చేసిన కంట్రోలరు సాయంతో మైక్రోప్రాసెసరుకు ఫ్లాపీ డ్రైవును జతచేసి సీపీ/ఎంను నడిపించాడు. భార్య డొరొతీతో కలసి పసిఫిక్ గ్రోవ్ పట్టణంలో డిజిటల్ రీసెర్చ్ కంపెనీని స్థాపించాడు.

ఆ రోజులలో ఒక్కొక్క కంపెనీ యంత్రం ఒక్కొక్క తీరుగా ఉండేది. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా సిస్టమ్‌ను తిరగరాయవలసి వచ్చేది. కిల్డాల్ యంత్రంపై ఆధారపడే భాగాన్నంతా విడదీసి దానికి బయాస్ అని పేరు పెట్టాడు. తయారీదారు ఆ చిన్న భాగాన్ని తన యంత్రానికి తగినట్లు రాసుకుంటే చాలు, మిగిలిన సిస్టమ్ మారనక్కరలేదు.

సీపీ/ఎంలో ఫైలు పేరు డ్రైవు అక్షరం, రెండు చుక్కలు, 8 అక్షరాల పేరు, ఒక చుక్క, 3 అక్షరాల రకం, ఇంతే. ఫోల్డర్లు లేవు. సుమారు 250 కిలోబైట్లు పట్టే ఫ్లాపీకి వాటి అవసరమూ కనిపించలేదు. డిస్కులను అక్షరాలతో పిలిచే పద్ధతి అంతకు ముందే ఐబీఎం వారి సీఎంఎస్‌లో ఉంది. అదే కాలంలో బెల్ ప్రయోగశాలలో పెరుగుతున్న యూనిక్స్ డిస్కులు ఎన్ని ఉన్నా అన్నింటినీ "/" అనే ఒకే వేరు కింద ఒకే చెట్టుగా చూపేది.

ఐబీఎంతో వ్యవహారం

1980లో ఐబీఎం తన వ్యక్తిగత కంప్యూటరు కోసం డిజిటల్ రీసెర్చ్‌ను సంప్రదించింది. రహస్య ఒప్పందం దగ్గర మాటలు సాగలేదు. కిల్డాల్ ఆ రోజు సరదాగా విమానం నడపటానికి వెళ్ళిపోయాడన్న కథ ఎక్కువగా ప్రచారంలో ఉన్నా, ఆయన వెళ్ళింది వ్యాపార పనిమీదే. చివరకు టిమ్ పాటర్సన్ రాసిన 86-డాస్‌ను మైక్రోసాఫ్ట్ కొని ఐబీఎంకు అందజేసింది. సీపీ/ఎం ప్రోగ్రాములను సులభంగా మార్చుకునేలా పాటర్సన్ దానిని రూపొందించాడు కనుక డ్రైవు అక్షరాలూ, 8.3 పేర్లూ అందులోకి వచ్చాయి. కిల్డాల్ అభ్యంతరం చెప్పగా ఐబీఎం సీపీ/ఎం-86ను కూడా అమ్మింది. కాని డాస్ ధర 40 డాలర్లు, దీని ధర 240 డాలర్లు. ఫలితం ఊహించదగినదే.

చివరి సంవత్సరాలు

కిల్డాల్ 1983 నుండి 1990 వరకు "కంప్యూటర్ క్రానికల్స్" టెలివిజన్ కార్యక్రమానికి సహ వ్యాఖ్యాతగా ఉన్నాడు. ఆయన కంపెనీ 1985లో గ్రోలియర్ విజ్ఞాన సర్వస్వాన్ని సీడీ-రామ్‌పై తెచ్చింది. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ సంస్థ కొన్నది. తలకు తగిలిన గాయం వలన కిల్డాల్ 52వ ఏట మాంటెరీలో మరణించాడు. ఆయన స్వీయచరిత్రలో కొంత భాగం 2016లో వెలువడింది.

ఫైలు మార్గాలలో ఆయన ముద్ర

1983లో డాస్ 2.0లో ఫోల్డర్లు వచ్చాయి. అప్పటికే "/" గుర్తును ఆదేశాల ఐచ్ఛికాలకు వాడుతుండటంతో మార్గాలకు "\" ఎంచుకున్నారు. దానికి ముందు డ్రైవు అక్షరం యథాతథంగా నిలిచింది. ఆ విధంగా విండోస్‌లో ఒక్కొక్క డ్రైవుకు ఒక్కొక్క వేరు ఏర్పడింది.

శంషాబాద్ విమానాశ్రయం ఉన్న రంగారెడ్డి జిల్లాలో ఇటీవల పెద్ద డేటా కేంద్రాలు వెలిశాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో ఇక్కడ తన హైదరాబాదు రీజియన్‌ను ప్రారంభించింది. విండోస్ ల్యాప్‌టాప్ మీద రాసిన ప్రోగ్రాము ఇటువంటి చోట లినక్స్ సర్వరు మీద నడిచినప్పుడు "సీ:\డేటా\జాబితా" అనే మార్గం దోషంగా కూడా కనిపించకపోవచ్చు. లినక్స్‌కు అది ఫోల్డర్ల వరుస కాదు, విచిత్రమైన ఒక ఫైలు పేరు మాత్రమే. ఆ పేరుతో ఫైలు సృష్టించబడి, డేటా ఎక్కడికి పోయిందో తెలియక వెతుక్కోవలసి వస్తుంది.

అందువలన పైథాన్‌లో ఈ పనికి విండోస్‌కు, యూనిక్స్‌కు వేర్వేరు మాడ్యూళ్ళు ఉన్నాయి. 2014లో వచ్చిన పాత్‌లిబ్ లినక్స్‌పై ఉండి కూడా విండోస్ మార్గాన్ని విడదీయగలదు. సీ++ 17 లైబ్రరీ డ్రైవు అక్షరాన్ని "రూట్ నేమ్" అనే ప్రత్యేక భాగంగా చూస్తుంది. గీత లేని "సీ:జాబితా" అనే రూపం మరీ చిక్కైనది. సీ: డ్రైవులో అప్పటికి ఏ ఫోల్డరు తెరచి ఉందో అందులోని ఫైలు అని దాని అర్థం. మార్గాలను కలిపే ఫంక్షన్లు రాసేవారు దీనిని విడిగా పరీక్షించవలసి ఉంటుంది.