విషం ఆకుకు లెక్క కట్టిన వైద్యుడు

ఫాక్స్‌గ్లోవ్ పువ్వును మీలో కొందరు చూసే ఉంటారు. డార్జిలింగ్ లాంటి కొండ ఊరికి బదిలీ మీద వెళ్ళి వచ్చినవాళ్ళకు తోటల్లో కనిపించి ఉంటుంది. నిటారుగా లేచిన కాడకు గంటల్లా వేలాడే ఊదారంగు పూలు, లోపల చుక్కలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, తింటే ప్రాణం తీస్తుంది. ఆ ఆకును ఎంత ఇస్తే మందవుతుందో పదేళ్ళపాటు ఓపికగా తేల్చినవాడు విలియం విదరింగ్.

ఆయన 1741లో ఇంగ్లండులోని వెల్లింగ్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి మందులు తయారుచేసి వైద్యం చేసేవాడు. కొడుకు ఎడిన్‌బరోలో చదివి 1766లో డాక్టరయ్యాడు. తమాషా ఏమిటంటే, చదువుకునే రోజుల్లో ఆయనకు వృక్షశాస్త్రం అంటే విసుగు! తర్వాత స్టాఫర్డ్‌లో వైద్యం చేస్తుండగా హెలెనా కుక్స్ అనే అమ్మాయి పరిచయమైంది. ఆమె పూల బొమ్మలు వేసేది. ఆమె కోసం మొక్కలు వెతికి తేవడం మొదలుపెట్టాడు. 1772లో పెళ్ళయింది. 1776లో బ్రిటన్ మొక్కల మీద ఏకంగా పుస్తకమే తెచ్చాడు.

ఈలోగా 1775లో బర్మింగ్‌హామ్‌కు మారాడు. ఆ ఏడే ఒక నాటుమందు గురించి ఆయన అభిప్రాయం అడిగారు. ఒళ్ళంతా నీరుపట్టి ఉబ్బిపోయినవాళ్ళకు ఒక ముసలావిడ రహస్యంగా ఇచ్చే మందు అది. డాక్టర్లు చేతులెత్తేసినవాళ్ళకు కూడా ఒక్కోసారి నయమయ్యేదట. అందులో దాదాపు ఇరవై రకాల ఆకులున్నాయి. మొక్కలు ఎరిగినవాడు కనుక, అసలు పని చేసేది ఫాక్స్‌గ్లోవేనని ఆయన పసిగట్టాడు.

కష్టమంతా మోతాదు దగ్గర వచ్చింది. మొదట్లో ఎక్కువ ఇచ్చాడు. రోగులు వాంతులతో అల్లాడారు. తగ్గించాడు. కాలాన్ని బట్టి ఆకు బలం మారుతోందని గమనించి, పూత సమయంలో కోసిన ఆకునే ఎండబెట్టి పొడిచేసి వాడాడు. వికారం మొదలైనా, నాడి మందగించినా, నీరు దిగడం మొదలైనా మందు ఆపేయాలని నియమం పెట్టుకున్నాడు. ఈ ఆకు గుండె కదలిక మీద పనిచేస్తుందని కూడా రాసిపెట్టాడు.

మిగతా వైద్యులు ఈ మందును ఇష్టం వచ్చినంత ఇవ్వసాగారు. ఇలాగైతే మనుషులు పోతారు, మంచి మందుకూ చెడ్డపేరు వస్తుందని ఆయన భయం. అందుకే 1785లో ఫాక్స్‌గ్లోవ్ మీద పుస్తకం అచ్చువేయించాడు. తాను చూసిన 150 మందికి పైగా రోగుల వివరాలు అందులో ఉన్నాయి. కోలుకున్నవాళ్ళే కాదు, గుణం కనిపించనివాళ్ళు, చనిపోయినవాళ్ళు కూడా! గెలిచిన కథలు మాత్రమే ఏరి రాస్తే ఎంత పేరొచ్చేదో ఆయనకు తెలుసు. అయినా అలా చేయలేదు. నాకు ఈయనలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఆ ఆకు జాతి నుంచే 1930లో డిగాక్సిన్ అనే మందును వేరుచేశారు. లయ తప్పి పరుగెత్తే గుండెను నెమ్మదింపజేయడానికి అది ఇప్పటికీ వాడుకలో ఉంది. 1967లో కేప్‌టౌన్‌లో మొదటిసారి ఒక మనిషి గుండెను మరొకరికి అమర్చారు. అప్పటినుంచి వైద్యుల ముందుకు కొత్త ప్రశ్న వచ్చింది: గుండె మార్పిడికి ముందు లయ కోసం వాడిన మందు, మార్పిడి తర్వాత రోగికి ఏమి చేస్తుంది? అమియోడరోన్ అనే మందు వారాలు, నెలల తరబడి శరీరంలో నిలిచిపోతుంది. పాత గుండె కోసం వేసుకున్న మాత్ర కొత్త గుండెనూ తాకుతుందన్నమాట. దీన్ని తేల్చాలంటే విదరింగ్ చేసినట్టు బతికినవాళ్ళనూ పోయినవాళ్ళనూ కలిపి లెక్కించాలి, మరో దారి లేదు.

విదరింగ్‌కు మాత్రం క్షయ పట్టుకుంది. ఇంగ్లండు చలికి తాళలేక రెండు శీతాకాలాలు లిస్బన్‌లో గడిపాడు. 1799 అక్టోబరులో బర్మింగ్‌హామ్‌లో కన్నుమూశాడు. అక్కడి ఎడ్జ్‌బాస్టన్ చర్చిలో ఆయన స్మారక ఫలకం మీద ఫాక్స్‌గ్లోవ్ పూలు చెక్కి ఉన్నాయి.