యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి పాయల నడుమ కొబ్బరితోటలతోను కాలువలతోను అలరారు సీమ కోనసీమ. ఇంతటి పచ్చని సీమను బోదకాలు వ్యాధి తరతరములుగా బాధించెను. కాళ్లు వాచి, నడువలేక, నలుగురిలోనికి రాలేక ఎందరో క్రుంగిపోయిరి. ఆ వ్యాధికి మందు కనుగొన్న పరిశోధకులకు నాయకత్వము వహించిన మహనీయులు వసిష్ఠ గోదావరికి ఆవలి సీమవారే. వారే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథము. వారు మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థులైరి. సోదరు లిరువురు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధిచే కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. ఆ దుఃఖము వైద్యపరిశోధనపై వారి పట్టుదలను దృఢపరచెను. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుల ఆగ్రహమునకు గురియైరి. అందుచే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు, మామగారును ధనసహాయము చేయగా, 1922లో అమెరికా చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు బోదవ్యాధి సోకెను. లెడర్లీలో అనేక రసాయనములను ఎలుకలపై పరీక్షించి, తుదకు డైఇథైల్ కార్బమజీన్ అను మందును కనుగొనిరి. అది 1947లో వెల్లడియయ్యెను.

ఈ మందు పనిచేయు తీరు తెలియవలెనన్న బోదపురుగు జీవితమును ఎరుగవలెను. దారమువంటి పెద్దపురుగులు మానవుని రసనాళములలో నివసించును. వాని పిల్లలు రాత్రివేళ రక్తములోనికి వచ్చును. దోమ కుట్టినపుడు దాని కడుపులో చేరి, రెండుమారులు కుబుసము విడచి, ఇంచుమించు రెండు వారములలో వ్యాధిని సోకించు దశకు వచ్చును. మరల మానవునిలో ప్రవేశించి, ఇంకను రెండుమారులు కుబుసము విడచి పెద్దవగును.

ఇన్ని దశలలోను పురుగునందలి జన్యువులు ఒక్కటియే. అయినను ఒక్కొక్క దశయందు కొన్ని మేల్కొని పనిచేయును, కొన్ని నిద్రించును. పుస్తక మొక్కటియే అయినను, నాటి పాఠమును మాత్రమే తెరచిన ట్లుండును. బోదవ్యాధిని కలిగించు పురుగులలో ఒక దాని జన్యుపటమును శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. పిల్లపురుగు దేహమున జరుగు పని వేరు, పెద్దపురుగు దేహమున జరుగు పని వేరు. కావున ఒకదానిని కూల్చు మందు రెండవదానిని అంతగా తాకకపోవచ్చును. సుబ్బారావుగారి మందు ముఖ్యముగా పిల్లపురుగులను నశింపజేయును. పెద్దపురుగులు పెక్కేండ్లు జీవింపగలవు. అందువలననే ఒక్కసారితో విడువక, ఏటేట మ్రింగవలసివచ్చును. మన దేశమున 2004 నుండి వ్యాధి గల జిల్లాలలో ఇంటింటికి ఈ మందును పంచిరి. వాచిన కాలును ఇది మునుపటివలె చేయలేదు. కాని రక్తమున పిల్లపురుగులు లేకున్న దోమ మరియొకరికి వ్యాధిని చేర్పజాలదు.

సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. భార్య శేషగిరిగారు వారి రాకకై ఎదురుచూచుచుండగనే, 1948 ఆగస్టులో, ఏబదిమూడవ యేట, అమెరికాలో కన్నుమూసిరి. ఇల్లు చేరని ఆ బిడ్డని కృషి మాత్రము గోదావరీతీరమున గడపగడపకు వచ్చెను. మురుగునీరు నిలువనీయకుండుటయు, వైద్యులు మందిచ్చినపుడు అలక్ష్యము చేయక మ్రింగుటయు మనము ఆయనకు చెల్లింపదగిన ఋణము.