రాయబహదూర్ హీరాలాల్‌గారు - బస్తరు గ్రామనామములు

మధ్యపరగణాల శాసనములను, జాతులను, స్థలనామములను ఏకకాలమున పరిశీలించిన విద్వాంసులలో రాయబహదూర్ హీరాలాల్‌గారు అగ్రగణ్యులు. వీరు 1867లో ముర్వారాలో, అనగా నేటి కట్నీ పట్టణమున, జన్మించిరి. ఎక్స్‌ట్రా అసిస్టెంటు కమిషనరు పదవి నిర్వహించుచు, రస్సెల్ దొరకు తోడ్పడి, మధ్యపరగణాల కులములను, తెగలను గూర్చిన నాలుగు సంపుటముల గ్రంథము 1916లో వెలువడుటకు కారకులైరి. ఆ యేటనే వీరి శాసనపట్టికయు ప్రకటితమైనది. హిందీలో దమోహ్ దీపక్, జబల్‌పుర్ జ్యోతి వంటి జిల్లా వృత్తాంతములను రచించిరి. స్థలనామముల అర్థవిచారమునకై ప్రత్యేకముగా ఒక గ్రంథమునే కూర్చిరి.

తెలుగువారు వీరిని స్మరింపవలసిన కారణము వేఱొకటి. 1907-08 నాటి ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ సంపుటమున వీరు బస్తరు శాసనములను పరిష్కరించి ప్రకటించిరి. ఛిందక నాగవంశీయుల ఆ రాజ్యమున సంస్కృతముతోపాటు తెలుగు కూడ శాసనభాషయై యుండెననుటకు బారసూరులోని 1060 నాటి లేఖనము సాక్షి. నారాయణపాల్‌లోని 1111 నాటి శాసనము స్థలనామ పరిశోధకునకు మఱింత విలువైనది. గుండమహాదేవి దేవునకు దానమిచ్చిన గ్రామము అందు నారాయణపురము. జనుల నోట నది నారాయణపాల్. పూర్వపదము నిలిచినది, ఉత్తరపదము వేఱు. లేఖకుడు సంస్కృతీకరించెనో, జనవ్యవహారమే మారెనో కాని, సమాసనామమున రెండు పదములకును ఒకే చరిత్ర ఉండనక్కఱలేదని దీనివలన స్పష్టము.

ఈ దృష్టితో సుక్మా జిల్లాలోని చింతలనారును పరిశీలింపుడు. నార్ అనగా గోండీలో ఊరు. మన నాడు శబ్దమునకు జ్ఞాతి. చింతచెట్టు పేరునకు గోండీలోను జ్ఞాతిపదములు కలవు గనుక, చింత అను మాట యొక్కటే తెలుగుతనమునకు నిదర్శనము కాజాలదు. కాని చింతల అను బహువచన షష్ఠీరూపము తెలుగు వ్యాకరణము ననుసరించినది. చింతలపూడి దీనికి సాటి. పూర్వపదము తెలుగు, ఉత్తరపదము గోండీ. దీనిని చింతలపురమని దిద్దినను, నార్ అర్థరహితమైన తోకయని త్రోసిపుచ్చినను, రెండు భాషలవారి సహజీవనమునకు గల సాక్ష్యము నశించును. నాగరిలిపిలో వ్రాసిన రూపమునే ప్రమాణముగా గైకొని వ్యుత్పత్తి చెప్పు కొందఱి అలవాటు నాకు సమ్మతము కాదు. గ్రామస్థుని ఉచ్చారణము ముందు, కాగితము తరువాత.

హీరాలాల్‌గారి మాతృభాష తెలుగు కాదు. అయినను మన శాసనములను అన్యభాషా లేఖనములని ప్రక్కకు నెట్టక, తక్కినవానితో సమముగా లెక్కించిరి. శాసనపట్టికను కడపటివఱకు విడువలేదు. రెండవ కూర్పు 1932లో వెలువడినది. 1934లో వీరు దివంగతులైరి.