పొరుగువానికి పూచీ పడటం నేర్పిన రైఫైజెన్



మీ పొదుపు సంఘం తీర్మానాల పుస్తకంలో మీరు చివరిసారి సంతకం పెట్టిన రోజు గుర్తు చేసుకోండి. పక్కింటి ఆమె అప్పు తీసుకుంటే ఆ సంతకంతో మీరూ ఆమెకు పూచీ పడ్డారు. ఈ పూచీ వెనుక ఒక మనిషి జీవితకాలపు శ్రమ ఉంది. ఆయన పేరు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్. ఆయన మన కతోలిక సభకు చెందినవారు కారు, ప్రొటెస్టెంటు. అయినా ఆయన జీవితం మన ఇళ్లలో చెప్పుకోదగ్గది.

ఆయన 1818 మార్చి 30న జర్మనీలోని హామ్ అనే ఊరిలో పుట్టారు. తొమ్మిది మంది పిల్లల్లో ఏడవవారు. చిన్ననాడే తండ్రి అండ పోయింది. పెద్ద చదువుకు డబ్బు లేదు. ఊరి పాదిరి దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకుని సైన్యంలో చేరారు. కంటి జబ్బు వల్ల ఆ కొలువు వదిలి, 1845లో వయ్యర్‌బుష్ ప్రాంత గ్రామాలకు మేయరు అయ్యారు.

మరుసటి ఏడే పంటలు పోయి కరువు వచ్చింది. ప్రభుత్వం పిండి పంపింది కాని, రొక్కం చెల్లించిన వారికే ఇవ్వాలన్నది. చేతిలో రొక్కం ఉంటే ఆకలి ఎందుకుంటుంది? రైఫైజెన్ ఆ షరతును పక్కన పెట్టి పేదలకు అరువుకు ఇచ్చారు. కలిగినవారి దగ్గర డబ్బు కూడగట్టి ఊరుమ్మడి రొట్టెల బట్టీ కట్టించారు.

1848లో ఫ్లామ్మర్స్‌ఫెల్డ్‌కు బదిలీ అయ్యారు. అక్కడ రైతును పీడిస్తున్నది అప్పు. ఆవును అరువుకిచ్చిన వ్యాపారి వడ్డీ అందకపోతే ముందు ఆవును, తర్వాత భూమిని పట్టుకుపోయేవాడు. మన అడవి పల్లెల్లో ఇది కొత్త కథ కాదు. వానాకాలంలో బస్తా గింజలు తెచ్చుకుని పంట రోజుల్లో బస్తాన్నర కొలిచిన నాగు వడ్డీ సంగతి మీ తాతలను అడిగితే చెబుతారు. 1849లో సుమారు 60 మంది కలిగినవారు పూచీగా నిలబడగా ఆయన ఒక సహాయ సంఘం పెట్టారు. 1854లో హెడ్డెస్‌డార్ఫ్‌లో మరొకటి పెట్టారు. అనాథలను కూడా ఆ సంఘం ఆదుకున్నది.

అయితే కొన్నేళ్లకు కలిగినవారి ఉత్సాహం చల్లబడింది. ఇచ్చేవారు వేరు, పుచ్చుకునేవారు వేరు అయినచోట సంఘం నిలవదని ఆయనకు అర్థమయింది. దానధర్మాన్ని ప్రాణంగా నమ్ముకున్న మనిషికి ఇది ఒప్పుకోవడం కష్టం. కాని ఆయన ఒప్పుకున్నారు. 1864లో సంఘాన్ని మార్చేశారు. అప్పు కావలసినవాడు ముందు సభ్యుడు కావాలి. ఒకరి అప్పుకు అందరూ తమ ఆస్తిపాస్తులతో పూచీ పడాలి. ఒకరినొకరు ఎరిగి ఉండాలి గనుక సంఘం ఒక విచారణ హద్దులు దాటరాదు. అప్పు ఎందుకో ముందే చెప్పాలి. పెద్దలు జీతం లేకుండా పనిచేయాలి. లాభం పంచుకోకుండా నిధిగా ఉంచాలి.

ఆ రోజుల్లోనే కష్టాలు ముసురుకున్నాయి. 1863లో భార్య ఎమిలీ చనిపోయారు. టైఫస్ జ్వరం ఆరోగ్యాన్ని కుంగదీసింది. 1865లో, 47 ఏళ్లకే, ఉద్యోగ విరమణ చేశారు. చూపు దాదాపు పోయింది. పెద్ద కూతురు అమాలీ పెళ్లి మాట లేకుండా తండ్రికి కళ్లూ చేతులూ అయి, ఉత్తరాలన్నీ రాసిపెట్టింది. 1866లో వచ్చిన ఆయన పుస్తకం వల్ల ఈ పద్ధతి దేశమంతటా పాకింది. 1888 మార్చి 11న, 70 ఏళ్లు నిండడానికి 19 రోజుల ముందు, ఆయన కన్నుమూశారు.

ఆయన పద్ధతి మనదాకా ఎలా వచ్చింది? మద్రాసు ప్రభుత్వం 1892లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని యూరపు పరపతి సంఘాలను పరిశీలించమని నియమించింది. 1895, 1897లలో ఆయన ఇచ్చిన నివేదికలు రైఫైజెన్ మార్గాన్నే సూచించాయి. 1904లో దేశానికి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. అప్పుడు భద్రాచలం తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. ఏజెన్సీలో గిరిజనుల అప్పుపై వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటరాదని 1917లో వేరే చట్టమూ చేశారు. కాని చట్టం వడ్డీకి హద్దు పెట్టగలదు, పక్కవాడి మీద నమ్మకం పుట్టించలేదు. ఆ నమ్మకాన్ని 1992 సారా పోరాటం తర్వాత నెల్లూరు జిల్లా స్త్రీలు రోజుకు ఒక్కో రూపాయి దాచుకుని చూపించారు.

అయితే ఒక హెచ్చరిక. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ కంపెనీల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవారున్నారు. అక్కడా గుంపు ఉంది, పూచీ ఉంది. కాని డబ్బు బయటిది, లాభం బయటివారిది. ఒకరిని నిలబెట్టవలసిన పూచీ, ఆ ఒకరి గుమ్మం ముందు గుంపుగా కూర్చుని అవమానించడానికి పనికివచ్చింది.

అందుకని ఈ ఆదివారం పూజ తర్వాత మీ సంఘం కూర్చున్నప్పుడు ఒక్క పని చేయండి. కంతు కట్టలేక ఈ నెల రాని సభ్యురాలు ఎవరో చూడండి. వసూలుకు కాదు, కష్టం తెలుసుకోవడానికి ఇద్దరు వెళ్లి రండి. మీరు పెట్టిన సంతకానికి అర్థం అదే.