ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫోలిక్ ఆమ్లం

1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకొనేటప్పుడు ఫోలిక్ ఆమ్లం పేరు చెప్పి ఊరుకోవడం పరిపాటి. సూక్ష్మజీవి మనుగడలో ఆ ఆమ్లానికి గల స్థానాన్ని కూడా చెప్పనిదే ఆయన చరిత్ర పూర్తి కాదని మేము తలుస్తాము.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఆయన ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తి పడవలసివచ్చింది. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలియైనాడు. 1923లో అమెరికా చేరి, హార్వర్డులో ఏళ్ల తరబడి శ్రమించి, 1940లో సుబ్బారావు గారు లెడర్లీ సంస్థలో ప్రవేశించారు. ఆయన నాయకత్వాన 1945లో అక్కడ ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. సోదరుని కబళించిన వ్యాధికే అది మందయినది!

ఇక సూక్ష్మజీవి సంగతి. బాక్టీరియా ప్రోటీను గొలుసును మిథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో ఆరంభిస్తుంది. దానిని మోసుకొనివచ్చే ఆరంభక ట్రాన్స్‌ఫర్ ఆర్.ఎన్.ఎ. పైననే ఆ మిథియోనిన్‌కు ఫార్మిల్ అనే చిన్న రసాయనిక ముద్ర పడుతుంది. ముద్ర పడినది రైబోసోములోని 'పి' స్థానంలో నేరుగా ఆసీనమవుతుంది. ఆ ఫార్మిల్‌ను సమకూర్చేది ఫోలిక్ ఆమ్లపు రూపాంతరమే. మార్కర్, శాంగర్ ఈ ఫార్మిల్ మిథియోనిన్‌ను 1964లో వెల్లడించారు. సుబ్బారావు గారు 1948 ఆగస్టులోనే కన్నుమూశారు.

ఆ 1948లోనే, లెడర్లీలో ఆయన సహచరుడైన డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ లోకానికి తెలిసింది. అది ఆరంభక ఆర్.ఎన్.ఎ. జోలికి పోదు. తరువాత వచ్చేవి కూర్చోవలసిన పక్క స్థానాన్ని అడ్డగిస్తుంది. గొలుసు ముందుకు సాగదు.